కోతకు ముందు కాఫీ కొండ

మా ఇంట తెల్లవారుజామున మొదట మేల్కొనేది కాఫీ ఫిల్టరు. దాని తరువాత మా మామగారు, ఆ తరువాత మా శ్రీమతి, అందరికంటె చివరగా మేము. మూడు నాలుగు తరాలుగా బెంగుళూరులో కాపురముంటున్న మన తెలుగు కుటుంబాలలో ఈ వరుస పెద్దగా వేరుగా ఉంటుందని మేము అనుకోము. మన ఇండ్లలో తెలుగు మాటల నడుమ కన్నడం కలిసిపోయింది, పండుగ పిండివంటలు కలిసిపోయినవి. కాఫీ సంగతి చెప్పనే అక్కరలేదు, అది మొదటినుంచి ఇరుపక్షాలదీ ఒకటే. అయినా ఇన్నేండ్లుగా త్రాగుతున్న ఆ కాఫీ ఎక్కడ పుడుతుందని ఎవరైనా అడిగితే చిక్కమగళూరు, కొడగు అని రెండు పేర్లు చెప్పి ఊరుకునేవారమే కాని, తెలుగు గడ్డ మీద కూడ కాఫీ పండుతుందన్న సంగతి మాకు నలభై ఏండ్లు దాటేదాకా సరిగా పట్టలేదు.

తెలిసిన విధం మనవి చేస్తాము. 2021 లో ఇందిరానగరంలో అరకు పేరుతో ఒక కాఫీ హోటలు వెలసింది. ఒకనాడు మా మామగారు ఆ దారిన వస్తూ బోర్డు చదివి, "ఇది మన అరకేనా?" అని అడిగినారు. మాకు జవాబు తెలియలేదు. ఆఫీసులో మా ప్రక్క బల్ల దగ్గర కూర్చునే మిత్రుడు విశాఖపట్నం వాడు. అతనిని అడిగితే నవ్వి, "మీ ఊళ్ళో కప్పులో చూచినారు గదా, మా ఊళ్ళో చెట్టు మీద చూడండి. మా తమ్ముడు ఆ కొండలలోనే బడిపంతులు" అన్నాడు. ఆ మాట మనసులో ఉండిపోయింది. సెలవు దొరకడానికి మాత్రం నాలుగేండ్లు పట్టింది. గుమాస్తాల యాత్రలన్నీ ఇంతే.

ఈలోగా ఇంకొక చిన్న విషయం జరిగింది. మా ఆఫీసు గోడకు ఒక కంపెనీవారు పంపిన క్యాలెండరు వ్రేలాడుతూ ఉంటుంది. అందులో అక్టోబరు పుటకు ఇటలీ దేశపు కొండ ఒకటి అచ్చువేసినారు. కొండవాలు పొడుగునా రాళ్ళు పేర్చి మెట్లు మెట్లుగా నేల చదును చేసినారు. మెట్ల మీద ఆలివ్ చెట్లు, చెట్ల క్రింద పరచిన వలలు. బొమ్మలోని మనుషులు ఒక్కరూ చెట్టువైపు చూడటం లేదు, అందరూ వంగి నేలను చూస్తున్నారు. పండ్లు కోయవచ్చినవారు పైకి చూడాలి గాని నేలను చూస్తారేమి అని మాకు వింతగా ఉండినది. ఆ వింత అరకు కొండ మీద తీరింది. అందుకే ఈ నాలుగు మాటలు.

2025 అక్టోబరు రెండవ వారంలో మేము, మా శ్రీమతి, మా మామగారు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్సులో బయలుదేరి మరునాడు విశాఖ చేరినాము. ఆ రాత్రి మిత్రుని ఇంట ఉండి, తెల్లవారి కిరండూలు పోయే రైలు ఎక్కినాము. ఈ మార్గం ప్రయాణీకుల సరదా కోసం వేసినది కాదు. బైలడిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చి జపానుకు పంపటానికి 1960 దశకంలో కొండలను తొలిచి వేసినది. సొరంగం తరువాత సొరంగం వస్తూనే ఉంటుంది. చీకటి పడినప్పుడల్లా పెట్టెలో పిల్లలు కేకలు వేస్తారు, వెలుతురు రాగానే లోయ ఇంకొంచెం క్రిందికి దిగి ఉంటుంది. బొర్రా గుహల స్టేషను దాటి శిమిలిగూడ వచ్చేసరికి మా మామగారు బోర్డు మీది ఎత్తు చదివినారు: 996 మీటర్లు. "మన బెంగుళూరు కంటె పెద్ద ఎత్తేమీ కాదే" అని పెదవి విరిచినారు. నిజమే, మన ఊరు కూడ తొమ్మిది వందల మీటర్ల మీదనే ఉన్నది. అయితే మనది పీట మీద కూర్చున్న ఊరు, ఇది నిచ్చెన మీద నిలుచున్న దేశం.

అరకు స్టేషనులో మా మిత్రుని తమ్ముడు కాచుకొని ఉన్నాడు. "అన్నగారూ, ఎండ పడకముందే చేరాలి" అని ఒక జీపు ఎక్కించి డుంబ్రిగుడ దారి పట్టించినాడు. దారికి రెండు ప్రక్కలా వలిసె చేలు పసుపు పచ్చగా పూతకు వస్తున్నవి. పల్లె పేరు ఇక్కడ వ్రాయటం లేదు. ఆ పల్లెవాసులు మమ్ము ఇంటికి వచ్చిన చుట్టాలుగా చూచినారే కాని పత్రికవారుగా చూడలేదు.

మాకు ఆశ్రయమిచ్చిన రైతు బగత తెగవాడు. వయసు ఏబదికి పైన. రెండెకరాల కాఫీ తోట, గెడ్డ ఒడ్డున కొంచెం వరి మడి ఆయన ఆస్తి. గెడ్డ అంటే కొండవాగు. వాకిట్లో నులకమంచం వేసి కూర్చోబెట్టి, ఆయన ఇల్లాలు గ్లాసులలో వేడివేడిగా తెచ్చి ఇచ్చినది చూచి మా మామగారు మా ముఖం చూచినారు. అది టీ! కాఫీ తోట యజమాని ఇంట టీ త్రాగవలసి వచ్చెనే అని మేము లోలోపల నవ్వుకొన్నాము. పంతులుగారు అర్థం చేసుకొని, "ఇక్కడ చాలా ఇండ్లలో కాఫీ పండిస్తారే గాని త్రాగరు, అన్నగారూ. పండంతా సంతకో సంస్థకో పోతుంది" అన్నాడు. మధ్యాహ్నం పెట్టిన చోడి అంబలి మాత్రం మాకు కొత్త కాలేదు. చోళ్ళంటే మన రాగులే. మన ముద్ద అక్కడ జావ అయినది, అంతే.

కాఫీ ఈ కొండలకు 1898 లో వచ్చిందని చెబుతారు. బ్రోడీ అనే ఆంగ్ల అధికారి తూర్పుగోదావరి మన్యంలో పాములేరు లోయలో మొదట నాటించినాడట. అక్కడినుంచి మెల్లమెల్లగా అనంతగిరి, చింతపల్లి వైపు ప్రాకింది. ఆ రోజులలో గిరిజనులది పోడు వ్యవసాయం. అడవిలో కొంత కొట్టి, కాల్చి, రెండు మూడేండ్లు చల్లుకొని, సారం తగ్గగానే ఇంకొక వాలుకు పోయేవారు. వాలును విడిచిపోకుండా ఒకేచోట నిలిచే పంట చూపించాలని ప్రభుత్వం వారు, కాఫీ బోర్డు వారు తరువాతి దశాబ్దాలలో మొక్కలిచ్చి నేర్పినారు. నీడకు సిల్వర్ ఓకు చెట్లు, వాటి బోదెల మీదికి మిరియపు తీగెలు, క్రింద కాఫీ మొక్కలు. ఒకే నేల మీద మూడు అంతస్తుల సంసారం. కాఫీ బోర్డు కచేరీ మన బెంగుళూరులోనే, విధానసౌధకు కూతవేటు దూరంలో ఉన్నది. దాని ముందునుంచి మేము వేయిసార్లు బస్సులో పోయి ఉంటాము.

మా మామగారికి ఆ గాలి, ఆ చల్లదనం బాగా నచ్చినవి. "ఇక్కడ ఒక ఎకరం కొనరాదా?" అన్నారు. రైతు నవ్వినాడు. పంతులుగారు వివరించినాడు. ఏజెన్సీ భూములు గిరిజనేతరులు కొనకూడదని 1959 లోనే నిబంధన వచ్చింది. 1970 లో దానిని ఇంకా బిగించినారు. మా మామగారు తల ఊపి, "మంచిపని. లేకపోతే ఈపాటికి అంతా మన బెంగుళూరువారే కొని ఉందురు" అన్నారు.

మరునాడు ఉదయం మంచు విడవకముందే తోటకు బయలుదేరినాము. క్రింద గెడ్డ వెంబడి వరి మళ్ళు మెట్లు మెట్లుగా దిగుతున్నవి. వాటి పైన కాఫీ వాలు. దూరంనుంచి అడవివలె కనబడుతుంది. దగ్గరకు పోతే వరుస తెలుస్తుంది. మొక్కకూ మొక్కకూ ఆరడుగుల ఎడం. వరుసలు వాలు వెంబడి నిలువుగా పోవు, కొండ నడుముకు మొలత్రాడు కట్టినట్లు అడ్డంగా పోతవి. నిలువుగా నాటితే వానకు నీరు వరుస వెంబడి పరుగెత్తి మట్టిని కోసుకొనిపోతుంది. బాగా నిట్రంగా ఉన్నచోట ప్రతి మొక్క క్రిందా అర్ధచంద్రాకారంగా చిన్న అరుగు చెక్కి, దాని అంచున రాళ్ళు పేర్చినారు. అట్టి అరుగులు ఆ తోటలో కొన్ని వందలు. ఒక్కొక్కటి తిరుమల మెట్టంత లేదు గాని అన్నీ కలిపితే ఒక మనిషి బ్రతుకంత పని.

కాఫీ కోత నవంబరునుంచి జనవరి దాకా. మేము వెళ్ళినది అంతకు ముందు. కోత చూడాలనుకొని వచ్చినవారికి కోత ముందరి పని మాత్రమే కంటబడిందని మొదట కొంచెం నిరుత్సాహపడినాము. రెండు గంటలు గడిచేసరికి అసలు పని ఇదేనని తెలిసింది.

మొదటి పని కలుపు. వానలు నాలుగు నెలలు కొట్టినందున నడుము ఎత్తు గడ్డి పెరిగి ఉన్నది. దానిని కొడవలితో కోస్తారే కాని త్రవ్వి పీకరు. వాలు మీద వేరు పీకితే మట్టి వదులవుతుంది. కోసిన గడ్డిని వరుసల మధ్య అడ్డంగా పరుస్తారు, మొక్క మొదట మాత్రం నేల కనబడేటట్లు ఊడుస్తారు. రెండవ పని దారి. కోత రోజులలో ఆడవారు నిండు గంపలతో ఇదే వాలున దిగాలి. కాలు జారితే పండుతోపాటు మనిషీ పోతుంది. అందుచేత పారతో మెట్లు కొట్టి, వదులైన రాళ్ళను త్రొక్కి చూచి బిగిస్తారు. మూడవది మొక్కకు అనవసరంగా లేచిన నీటికొమ్మలు తీసివేయటం, ఎండుపుల్లలు విరవటం. ఇక నాలుగవది రాళ్ళు.

ఆ రాళ్ళ పని చూచి మేము చాలాసేపు అక్కడనే నిలబడిపోయినాము. వానకు తెగిన అరుగును రైతు మళ్ళీ కడుతున్నాడు. సున్నం లేదు, సిమెంటు లేదు. ఒక రాయిని నాలుగు ప్రక్కలా త్రిప్పి చూచి, సరిపోయే ముఖం లోపలికి పెట్టి, సందులలో చిన్న రాళ్ళు గుచ్చుతాడు. గోడ కొండవైపు కొంచెం వాలి ఉండాలట. తిన్నగా కడితే వాననీటి బరువుకు ముందుకు పడుతుందట. గోడ అయిన తరువాత ఆయన ఇల్లాలు క్రిందినుంచి గంపతో మట్టి మోసుకొని వచ్చి పోసింది. క్రిందనుంచి ఎందుకమ్మా, ప్రక్కన ఉన్నది గదా అని మా శ్రీమతి అడిగింది. రైతే జవాబు చెప్పినాడు: "ఇది ఈడ మట్టే, అమ్మా. వానకి కిందికి పోనాది. మట్టి దానంతటది కిందికే పోతాది. పైకి మనవే మొయ్యాల."

ఇది ఎవరూ నేర్పిన సామెత కాదు. గంప ఎత్తుకొంటూ మామూలుగా అన్నమాట. మేము మాత్రం ఆ రోజంతా దానిని తలలో మోసినాము.

చివరి పని నేల మీది పండ్లు ఏరటం. క్యాలెండరులోని ఆలివ్ మనుషుల వింత ఇక్కడ తీరింది. అక్టోబరులోనే ఎండ తగిలే కొమ్మలకు అక్కడొకటి ఇక్కడొకటి పండు ఎర్రబడుతుంది. కొన్ని రాలిపోతవి. పోయిన యేడు కోతలో జారిపడి గడ్డిలో దాగినవి కూడ నల్లగా ఎండి ఉంటవి. పూర్వం వాటిని ఎవరూ పట్టించుకునేవారు కారు. పిల్లలు ఏరుకొని సంతలో అమ్మి మిఠాయి కొనుక్కునేవారట. ఇప్పుడు ఒక్క పండును కూడ నేల మీద వదలరాదు. ఎందుకంటె 2025 ఆగస్టులో ఈ కొండలకు ఒక కొత్త శత్రువు వచ్చింది.

దాని పేరు కాయతొలుచు పురుగు. ఆవగింజ కంటె చిన్నదైన నల్లని పెంకుపురుగు. పుట్టినది ఆఫ్రికాలో. మన దేశంలో మొదట 1990 లో నీలగిరుల గూడలూరు వైపు కనబడింది. తరువాత కొడగు, చిక్కమగళూరు తోటలకు వ్యాపించింది. ముప్పదియైదేండ్లు అరకు కొండలు దానికి అందకుండా ఉండి, 2025 లో అందినవి. ఆడపురుగు కాయ బొడ్డు దగ్గర సూదిమొనంత బెజ్జం చేసి గింజలోనికి దూరి గుడ్లు పెడుతుంది. పిల్లలు గింజను లోపలినుంచి తినివేస్తవి. పైకి కాయ నిండుగానే ఉంటుంది. మందు చల్లితే లోపలికి చేరదు. కోత అయిన తరువాత ఇది ఎక్కడికీ పోదు, కొమ్మన మిగిలిన కాయలోనో నేల మీద రాలిన పండులోనో కూర్చొని మరుసటి యేటి పంట కోసం కాచుకొని ఉంటుంది. కాబట్టి దానికి అసలు మందు నేల శుభ్రం చేయటమే. పండు రాలకుండా మొక్క క్రింద పట్టా పరచి కోయాలి, రాలిన పండును వెంటనే ఏరాలి, కొమ్మన ఒక్క కాయా మిగలనీయరాదు. పురుగును ఆకర్షించే బుట్టలు, పురుగును చంపే తెల్లని బూజు కూడ ఉన్నవి గాని, ఊడ్పు లేకుండా అవేవీ గట్టెక్కించలేవని పంతులుగారు అన్నాడు.

మా రైతు తోటలో నాలుగు వరుసలలో పురుగు కనబడిందట. ఆగస్టులో అధికారులు వచ్చి చూచి చెప్పినట్లు, ఆ వరుసల పచ్చికాయనంతా దూసి, మరిగే నీళ్ళలో ముంచి, గోతిలో పాతిపెట్టినారట. ఆ నాలుగు వరుసలూ మేము చూచినాము. చుట్టూ మొక్కలన్నీ కాయలతో వంగి ఉంటే అవి మాత్రం బడిలో దండన పొందిన పిల్లలవలె బోసిగా నిలబడి ఉన్నవి. "సొంత సేత్తో కాయ దూసీడం అదే మొదలు, బాబూ" అన్నాడాయన. అంతకంటె ఏమీ అనలేదు.

పురుగు ఎక్కడినుంచి వచ్చింది? ఆ పల్లెకు దూరంనుంచి ఎట్లా చేరిందో చెప్పగలవారు లేరు. మా రైతు తోటకు ఎట్లా దిగిందో మాత్రం ఆయన చేయి చాచి చూపించినాడు. ఆయన తోటకు పైనే ఇంకొక తోట. అందులో గడ్డి భుజాల ఎత్తు పెరిగి ఉన్నది. అరుగులు తెగి, రాళ్ళు దొర్లి, రెండు మూడు చోట్ల వాననీరు కాలువ కట్టి మా రైతు వరుసల మీదికే దిగింది. కొమ్మలమీద పోయిన యేటి కాయ ఎండి నల్లగా అంటుకొని ఉన్నది. దాని యజమాని రెండేండ్ల క్రిందట పనికోసం ఊరు విడిచి పోయినాడు.

"ఎక్కడికి పోయినాడు?" అని అడిగినాము.

"మీ ఊరే బాబూ. బెంగుళూరు. మేడల పనికి. అగుపిస్తే సెప్పండి, తోట పాడైపోతంది అని."

కోటి మందికి పైగా ఉన్న ఊళ్ళో ఒక మేస్త్రీ చేతిక్రింది మనిషి మాకు అగుపించటం ఎట్లా? మేము నవ్వబోయి, ఆయన ముఖం చూచి మానినాము. ఆయన ఆ మనిషిని తిట్టలేదు. ఎకరం తోట మీద నలుగురు బ్రతకటం ఎంత కష్టమో ఆయనకు తెలుసు. ఆరు కిలోల పండు కోస్తే ఒక కిలో గింజ వస్తుంది. ఆ కిలో గింజకు సంతలో దళారీ చెప్పిన ధర ఒకటి, గిరిజన సహకార సంస్థ ఇచ్చే ధర ఒకటి. ఆ సంస్థ 1956 నుంచి ఉన్నది. ఈ మధ్య అరకు అరబికాకు పేరుప్రతిష్ఠలు పెరిగినవి. 2017 లో పారిస్ నగరంలో అరకు పేరుతోనే దుకాణం తెరిచినారు. 2019 లో ఈ కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా వానాకాలం నాలుగు నెలలూ ఆ పేరుప్రతిష్ఠలు పొయ్యి మీద ఉడకవు గదా.

ఆ మధ్యాహ్నం పల్లెలోని పదిమందీ ఒక మాట అనుకొని పై తోటలోనికి కొడవళ్ళతో వెళ్ళినారు. యజమాని లేని తోటను తామే శుభ్రం చేయాలని ముందురోజే నిర్ణయించుకొన్నారట. కూలి లేదు. తోట తమది కాదు, పురుగు మాత్రం అందరిదీ. మేము కూడ ఒక పూట వంగినాము. ఫైళ్ళ మీద వంగటానికి అలవాటుపడిన నడుము ఇటువంటి వంపుకు ఒప్పుకోలేదు. అరగంటలో మోకాళ్ళు వణికినవి. గడ్డి వేళ్ళ మధ్య దొరికిన ఒక నల్లని పండును పట్టుకొని చూస్తే బొడ్డు దగ్గర సూది గుచ్చినట్లు బెజ్జం ఉన్నది. మా శ్రీమతి చీర కొంగు బిగించి పల్లె ఆడవారితో సమానంగా ఏరింది. మా మామగారు ఒక బండ మీద కూర్చొని, ఏరిన పండ్ల డబ్బాకు కావలి కాచినారు.

అక్కడ వంగి ఉన్నప్పుడు మాకొక సంగతి గుర్తుకు వచ్చింది. వ్రాయటానికి కొంచెం సిగ్గే.

మదనపల్లె దగ్గర ఒక పల్లెలో, గుట్టవాలున మా తాతగారి నాటి కయ్యలు మూడు ఉన్నవి. ఒకప్పుడు చెనక్కాయ వేసేవారు. గట్టున రెండు చింతచెట్లు. మా నాయన ఉద్యోగానికి బెంగుళూరు వచ్చిన తరువాత గుత్తకిచ్చినారు, ఆయన పోయిన తరువాత అది కూడ లేదు. మా కయ్యలకు క్రింద మా చిన్నాన్న కొడుకు సేద్యం చేస్తాడు. మీ గెనిమ తెగింది, వాననీళ్ళు నా కయ్యలోనికి దుముకుతున్నవి, ఒకసారి వచ్చి చూడన్నా అని అతడు రెండేండ్లలో మూడుసార్లు ఫోను చేసినాడు. వస్తాములే అని మేము మూడుసార్లూ అన్నాము. అమ్మితే ఎంత వస్తుందో మాత్రం వాకబు చేసినాము. బెంగుళూరుకు వలసపోయి తోటను పాడుపెట్టిన మనిషి ఎవడు అని ఆ కొండమీద వెతకనక్కరలేదు, వాడు అక్కడనే ఒక పూట కలుపు తీస్తున్నాడు!

తిరిగి వచ్చిన తరువాత ఆ క్యాలెండరు బొమ్మ గూర్చి కొంత చదివినాము. ఇటలీలో లిగూరియా తీరాన వేయేండ్ల క్రిందటనే కొండవాలుకు సున్నం లేని రాతిగోడలు కట్టి ద్రాక్ష, ఆలివ్ పెంచినారట. కోతకు ముందు వారూ గడ్డి కోస్తారు, రాళ్ళు సరిచేస్తారు, వలలు పరుస్తారు. ఇటలీతో కూడ ఎనిమిది దేశాల ఈ రాతిగోడ విద్యను 2018 లో యునెస్కో మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చింది. అయితే అక్కడి పిల్లలు కూడ పట్టణాలకు పోయినారు. చూచేవారు లేక చాలా గోడలు కూలినవి. 2011 అక్టోబరులో ఆ తీరాన పెద్ద వాన పడినప్పుడు బురద, రాళ్ళు కొండలనుంచి క్రింది పల్లెలలోనికి దిగినవి. పైన గోడలను విడిచిపెట్టడం క్రిందివారి ముప్పును పెంచిందని తెలిసినవారు వ్రాసినారు. పై మెట్టు యజమాని ఎంత దూరంలో ఉన్నా, క్రింది మెట్టు మాత్రం అక్కడే ఉంటుంది.

మేము బయలుదేరే ముందురోజు సాయంత్రం మా శ్రీమతి తనతో తెచ్చుకొన్న బెంగుళూరు కాఫీపొడిని, చిన్న ఫిల్టరును బయటికి తీసింది. పల్లెలో దొరికిన పాలతో కాఫీ కలిపి ఇంటివారందరికీ ఇచ్చింది. ఇల్లాలు ఒక గుక్క త్రాగి, "సేదుగుంది గదమ్మా, ఇంకొంచెం పంచదార ఎయ్యి" అన్నది. రైతు మాత్రం గ్లాసు ముగించి, అడుగున మిగిలిన మడ్డిని చాలాసేపు చూచినాడు. కోతకని సిద్ధం చేసుకొన్న ఆరబెట్టే పట్టాలు, పండ్ల తోలు తీసే చిన్న చేతియంత్రం ఆ వాకిట్లోనే ఉన్నవి. పూర్వం పండును నేలమీదనే ఆరబోసేవారట, మట్టివాసన పట్టి ధర తగ్గేదట. ఇప్పుడు పట్టా మీద పలుచగా పరచి, రోజుకు నాలుగుసార్లు కలియబెట్టి, పొద్దుగూకితే కప్పిపెడతారు. మనము అర నిమిషంలో త్రాగే గ్లాసు వెనుక ఇంత కావలి ఉన్నది.

బెంగుళూరు చేరిన తరువాత పంతులుగారు పై తోట యజమాని ఫోను నంబరు సంపాదించి పంపినాడు. ఒక ఆదివారం అతడు మా ఇంటికి వచ్చినాడు. ముప్పదియేండ్ల మనిషి. కుర్చీలో కూర్చోమంటే గడప దగ్గరనే కూర్చున్నాడు. ఊరివారు తోట బాగుచేసినారని చెప్పితే కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "మా అయ్య పేర్చిన గోడుండాలి, పెద్ద పనసచెట్టు కాడ. అది ఉందా?" అని అడిగినాడు. మేము గమనించలేదని ఒప్పుకొన్నాము. సంక్రాంతికి పోయి తానే చూస్తానన్నాడు. పోయినాడని పంతులుగారు తరువాత తెలిపినాడు, మళ్ళీ బెంగుళూరు వచ్చినాడని కూడ తెలిపినాడు. పోయేముందు కొమ్మన మిగిలిన కాయంతా దూసి, గోడ ఒకటి సరిచేసి వచ్చినాడట.

మేము డిసెంబరులో నాలుగు రోజులు సెలవు పెట్టి మదనపల్లె వైపు పోయినాము. మా తమ్ముడు, ఆరుగురు కూలీలు, మేము కలిసి తెగిన గెనిమ కట్టినాము. రాయి ముఖం లోపలికి ఎట్లా పెట్టాలో మేము చెప్పబోతే కూలీలలో పెద్దాయన, "మీ తాతకు కట్టి ఇచ్చినది మా నాయనే, సామీ" అన్నాడు. మేము నోరు మూసుకొని మట్టిగంప ఎత్తుకొన్నాము. కయ్యను మా తమ్ముడే సాగుచేసుకొనేటట్లు, చింతపండులో మాత్రం ఇంత మాకు పంపేటట్లు మాట్లాడుకొన్నాము. అమ్మే మాట ప్రస్తుతానికి లేదు.

మన సభ్యులలో ఎందరికో ఇటువంటి కయ్యలు, మళ్ళు, తోటముక్కలు ఏదో ఒక గుట్టవాలున ఉండే ఉంటవి. పట్టా ట్రంకుపెట్టె అడుగున భద్రంగానే ఉంటుంది. గెనిమ సంగతి క్రింది కయ్యవారిని అడిగితే తెలుస్తుంది. వచ్చే వానాకాలానికి ముందు ఒకసారి పోయి చూచి రండని మనవి. అరకు కూడ వీలైతే చూడండి. వలిసెపూలకు, గుహలకు పోయేవారు ఎట్లాగూ పోతారు, కోతకు ముందు వాలు మీద వంగిన మనుషులను కూడ ఒక పూట చూచి రండి. పోయేటప్పుడు కాఫీపొడి, ఫిల్టరు మరువకండి. పంచదార కొంచెం ఎక్కువగానే పట్టుకొని వెళ్ళండి.